రెండువేల ఐదువందల ఇరవై, పైన ఒకటి

రెండువేల ఐదువందల ఇరవై అనే అంకెను మీరెప్పుడైనా తీరిగ్గా చూశారా? చూసి ఉండరు. మీకు బస్సు నంబర్లూ, పరీక్ష మార్కులూ చూసుకోవడానికే టైము చాలదు. నేను మాత్రం ఆ అంకెను ప్రేమించాను. ఇరవై మూడేళ్ళ వయసులో, షోలాపూర్ భవాని పేట్‌లో, నాకు సంబంధాలు చూస్తున్న మా అమ్మకు తెలియకుండా. ఆ ప్రేమ మైకంలో ఒక ముసలావిడ పనికి ఎసరు పెట్టాను. ఆ సంగతి చెప్పడానికే కూర్చున్నాను. నలభై ఏళ్ళ ఉద్యోగంలో నేను చేసిన మంచి పనులు కూడా కొన్ని ఉన్నాయి గానీ, అవి ఎవరూ అడగరు, నాకూ చెప్పబుద్ధి కాదు.

రెండో యుద్ధం ఇంకా మొదలు కాని రోజులు. మా షెడ్డులో పద్దెనిమిది మగ్గాలు. మా సావుకారి తాత కరీంనగరు వైపు నుంచి మగ్గం భుజాన వేసుకుని నడిచి వచ్చాడని చెప్పేవారు. మా తాత కూడా అలాగే వచ్చాడని మా ఇంట్లో చెప్పేవారు. పేట్‌లో ఏ ఇంట్లో అడిగినా వాళ్ళ తాతా అంతే. ఇన్ని మగ్గాలు భుజాలెక్కి ఊరేగుతూ వస్తుంటే దారి పొడుగునా జనం ఏమనుకున్నారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

నా పని చిట్టీలు రాయడం. ఏ బట్టకు పడుగులో ఎన్ని పోగులు, ఏ రంగు పక్కన ఏ రంగు, నక్షా, అంటే బట్ట మీది డిజైను, ఎన్నిసార్లు తిరగాలి, ఇవన్నీ లెక్కగట్టి కాగితం మీద రాసిస్తే, దాన్ని బట్టి పడుగు పోసేవాళ్ళు పోసేవారు, నేసేవాళ్ళు నేసేవారు. మరాఠీ బడిలో ఏడో తరగతి దాకా చదివాను కనుక ఆ పని దొరికింది. ముప్పై దాకా ఎక్కాలు, పావు ఎక్కాలు, ముప్పావు ఎక్కాలు అక్కడే బెత్తం దెబ్బలతో ఒంటబట్టాయి. ఇవాళ్టికీ నేను లెక్క చేసేది మరాఠీలో, లెక్క తప్పితే తిట్టుకునేది తెలుగులో.

మా నేతవాళ్ళ లెక్కలో నూట ఇరవై పోగులు ఒక పుంజం. మా షెడ్డులో నేసే బట్ట పన్నాకు ఇరవైయొక్క పుంజాలు పట్టేవి. అంటే రెండువేల ఐదువందల ఇరవై పోగులు. తాతల నాటి లెక్క, ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. ఒక మధ్యాహ్నం చారల చీరకు చిట్టీ రాస్తూ నేను పట్టించుకున్నాను. చారకు ఎనిమిది పోగులు పెడితే శేషం లేకుండా సరిపోయింది. సావుకారి వచ్చి ఎనిమిది కాదు, తొమ్మిది పెట్టమన్నాడు. అదీ సరిపోయింది. సరదాకి ఏడు చూశాను. ఏడు మహా పెంకిది, ఏ అంకెకూ ఒక పట్టాన లొంగదు. అదీ లొంగింది. నాకు ఒళ్ళు జలదరించింది. ఒకటి నుంచి పది దాకా దేనితో భాగించినా శేషం సున్న. ఇంతకంటే చిన్న అంకెల్లో ఇంకెవరికైనా ఈ గుణం ఉందేమోనని రెండు రోజులు వెతికాను. ఎవరికీ లేదు, ఇదే మొదటిది.

ఈ సంతోషం ఎవరితోనైనా పంచుకోవాలి కదా. నా బల్ల పక్కనే ఉన్న మగ్గం మీద నేసే ఆయనను మామా అని పిలిచేవాణ్ణి. ఆయన నన్ను అల్లుడా అనేవాడు. ఆయనకు కూతుళ్ళు లేరు, అందుకని ధైర్యంగానే అనేవాడు. ఆయనకు ఈ అంకె గొప్పతనం అంతా విడమరిచి చెప్పాను. ఆయన పేక పోగును అటూ ఇటూ ఆడించే నాడె ఆపి, శ్రద్ధగా విని, పదకొండు పోతుందా అని అడిగాడు. పోదన్నాను. పోనప్పుడు ఇంత లొల్లి ఎందుకని మళ్ళీ నేతలో పడ్డాడు. ప్రతిభను గుర్తించే మనుషులు ఎప్పుడూ తక్కువే.

నా అంకెకు అసలు అడ్డం వచ్చింది అవ్వ.

అవ్వ మా షెడ్డులో పడుగు పోసేది. అరవై దాటిన మనిషి, మునివేళ్ళ మీద నడిచినట్టు నడిచేది. పొద్దున్నే ఎండ ముదరక ముందే సందులో గుంజలు పాతి, పోగులు పట్టుకుని ఆ కొస నుంచి ఈ కొసకు తిరిగేది. ఒక పుంజం నిండినప్పుడల్లా కొంగులోంచి ఒక చింతగింజ తీసి ఇత్తడి గిన్నెలో వేసేది. ఇరవైయొక్క గింజలు పడ్డాక ఊరుకోవచ్చు కదా. ఊరుకోదు. ఇంకొక్క పోగు పట్టుకుని ఆ కొస దాకా ఒక్కసారి నడిచి, దండం పెట్టి, అప్పుడు కూర్చునేది. దాన్ని కొసరు పోగు అనేది. శుభకార్యంలో వంద చదివించం, నూట పదహారు చదివిస్తాం. అట్లాగే సున్న మీద పడుగు ఆపితే ఇంట్లో సున్నే మిగులుతుందని ఆమె నమ్మకం. ముప్పై ఏళ్ళుగా ఆమె పోసిన ప్రతి పడుగూ రెండువేల ఐదువందల ఇరవైయొకటి.

ఆ ఒక్క పోగుతో ఏం కొంప మునిగిందని మీరు అడగవచ్చు. నిజానికి ఏమీ మునగలేదు. చారల చీర అయితే నేసేవాళ్ళు ఆ ఎక్కువ పోగును అంచులో పక్కదానితో కలిపేసేవారు, కంటికి కనబడేది కాదు. కానీ నాకు కాగితం మీద కనబడేది. ఒకటి నుంచి పది దాకా అందరితో కలిసి మెలిసి ఉండే అంకెకు ఒకటి కలిపితే ఏమవుతుందో చూశాను. రెండుతో భాగిస్తే ఒకటి మిగిలింది. మూడుతో భాగించినా ఒకటే. పది దాకా ఎవరితో భాగించినా ఆ ఒక్కటి మొండిగా మిగిలింది. పోనీ పై అంకెలు చూద్దామని బొగ్గు తీసుకుని షెడ్డు గోడ మీద మొదలుపెట్టాను. పదకొండు పోలేదు. పదమూడు అందినట్టే అంది ఒక్క పోగులో తప్పింది. పదిహేడు, పంతొమ్మిది, ఇరవై మూడు ఏవీ పోలేదు. నలభై ఏడు దాకా చూసి బొగ్గు కింద పడేశాను. రెండు అంకెలు గుణిస్తే ఇది రావాలంటే, వాటిలో ఒకటి యాభైయొకటి లోపు ఉండి తీరాలి. ఆ లోపు ఎవరూ లేరు. అంటే ఆ అంకె ఒకటితోనూ తనతోనూ తప్ప ఇంకెవరితోనూ పొత్తు కుదరనిది.

ఈ సంగతి మామకు చెబితే ఆయన నమ్మలేదు. ఇంత పెద్ద అంకెకు ఎక్కడో ఒక దిక్కు ఉండకుండా ఎట్లా ఉంటుంది, నువ్వు సరిగ్గా వెతకలేదన్నాడు. వారం రోజుల పాటు చాయ్ తాగే వేళ వచ్చి ఒక అంకె చెప్పేవాడు. అరవైయొకటి చూశావా అనేవాడు. యాభై దాటాక చూడక్కరలేదు మామా అంటే, చూడకుండానే లేదంటావేమని కోప్పడేవాడు. ఆయనకు ఆ అంకె మీద జాలి కలిగింది. నాకు మాత్రం అవ్వ మీద కోపం వచ్చింది.

వెళ్ళి మర్యాదగానే చెప్పాను, కొసరు పోగు వద్దని. ఆమె పోగుల మీద నుంచి చూపు తిప్పలేదు.

"చిట్టీల ఉన్నయి నీయి కొడుకా. ఆ ఒక్కటి దేవునిది. మీ ఇద్దరి నడుమ నన్నెందుకు బెడ్తవ్?"

ఆ తర్వాత చిట్టీ మీద ఎర్ర సిరాతో రాయడం మొదలుపెట్టాను, ఒక్కటి కూడా ఎక్కువ వద్దని. అవ్వకు చదువు రాదు, పుంజాల లెక్క నోటితో చెప్పించుకునేది. ఎర్ర సిరా ముచ్చటగా ఉందని దేవుడి పటం దగ్గర పెట్టుకుందట.

ఇక్కడే నేను చేయకూడని పని చేశాను. సావుకారి భక్తిపరుడు. దేవుడి పేరుతో పోస్తోందని చెబితే ఇంకో రెండు పొయ్యమంటాడు. అందుకని అసలు మాట దాచి, అవ్వకు కళ్ళు ఆనడం లేదని, పోగుల లెక్క తప్పుతోందని, పడుగు పడుగుకీ ఒకటి ఎక్కువ వస్తోందని చెప్పాను. కావాలంటే ఎంచి చూసుకోమన్నాను. ఆయన రెండు పడుగులు ఎంచాడు, రెండింట్లోనూ ఒకటి ఎక్కువే. ఒకే తప్పు అంత నిక్కచ్చిగా ఎవరూ చేయలేరని ఆయనకు తట్టలేదు. అవ్వను పిలిచి, పిల్లగాడు ఇట్లా అంటున్నాడు, ఇంకొక్కసారి లెక్క తప్పితే కండెలు చుట్టే దగ్గరికి పోవాల్సి ఉంటుందని చెప్పాడు.

అది ఎంత మాటో మీకు తెలియాలి. కండెలు చుట్టడం, అంటే రాట్నం తిప్పి నాడెలోకి నూలు చుట్టడం, కొత్తగా పనిలో చేరిన ఆడపిల్లలు చేసే పని. ముప్పై ఏళ్ళు పడుగు పోసిన మనిషిని అక్కడ కూర్చోబెట్టడమంటే, పెళ్ళిలో వంట పెద్దను తీసుకెళ్ళి ఉల్లిగడ్డల ముందు కూర్చోబెట్టినట్టు. పేట్ అంతా చెప్పుకుంటారు. ఆ మాట విని అవ్వ సరేనని తల ఊపి వెళ్ళిందని సావుకారే నాకు చెప్పాడు. నాకు కాస్త గుచ్చుకుంది. అబద్ధం ఎందుకు చెప్పను, కాస్తే గుచ్చుకుంది. ఆ మర్నాటి పడుగు సరిగ్గా రెండువేల ఐదువందల ఇరవై వచ్చేసరికి అదీ మర్చిపోయాను.

ఆ ఏడు శ్రావణ పున్నమికి మార్కండేయ స్వామి రథానికి ముందు తెర నేసే వంతు మా షెడ్డుకు వచ్చింది. ఏడాదికొక షెడ్డు నేస్తుంది, పేట్ పేటంతా వచ్చి చూస్తుంది. మామూలు జనం తెర బాగుందనో లేదనో అంటారు. మా వాళ్ళు దగ్గరికొచ్చి, కళ్ళద్దాలు సర్దుకుని, ఏ షెడ్డు వాడు ఎక్కడ పోగు తప్పాడో వచ్చే పున్నమి దాకా చెప్పుకుంటారు. సావుకారికి రెండు వారాలు నిద్ర లేదు. మందపు నూలుతో, శంకర్‌పాళీ నక్షా చేయమన్నాడు. శంకర్‌పాళీలంటే మన శక్కర్‌పారలే, పేకముక్కల్లో డైమండులా కోసి వేయించే తీపి బిళ్ళలు. అదే ఆకారంలో, కొన మీద నిలబెట్టినట్టు, వరుసగా ఈ అంచు నుంచి ఆ అంచు దాకా నిండి ఉంటాయి. మా షెడ్డులో ఏటా ఒకటి రెండు బట్టలు ఆ నక్షాతో నేసేవాళ్ళం, ఎప్పుడూ కుదిరేవి. అవి ఎందుకు కుదిరేవో నేను ఏనాడూ ఆలోచించలేదు.

చిట్టీ రాయడం ఆడుతూ పాడుతూ అయిపోయింది. ఒక్కో శంకర్‌పాళీకి పద్నాలుగు పోగులు. రెండువేల ఐదువందల ఇరవైని పద్నాలుగుతో భాగిస్తే సరిగ్గా నూట ఎనభై. శేషం లేదు. నా అంకెను మనసులోనే మెచ్చుకున్నాను. అవ్వ చిట్టీ ప్రకారమే పోసింది. మామ నేశాడు.

పున్నమి ఇంకా మూడు రోజులుందనగా పొద్దున తెరను మగ్గం మీద నుంచి కోసి వాకిట్లో పరిచారు. సావుకారి ఎడమ అంచు నుంచి మొదలుపెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని, చిరునవ్వుతో నడుస్తూ కుడి అంచు దాకా వెళ్ళి ఆగిపోయాడు. ఎడమవైపు శంకర్‌పాళీలు చక్కగా కొన దేలి ఉన్నాయి. కుడివైపు ఆఖరి వరుసలో ఒక్కదానికీ కొన లేదు. పై నుంచి కింది దాకా అన్నీ ఒక్కో పోగు దగ్గర తెరుచుకునే ఉన్నాయి, ఎలుక కొరికినట్టు. మామను అడిగితే, నేయడం మొదలుపెట్టిన రోజే చూశాను, అల్లుడు చిట్టీలో అట్లాగే రాశాడు కదా, కొత్త ఫ్యాషన్ కాబోలు అనుకున్నానన్నాడు.

సావుకారికి సంగతి వెంటనే అర్థమైపోయింది, అంటే తప్పుగా అర్థమైపోయింది. ఒక పోగు తక్కువ పడింది. పిల్లగాడు చెప్పింది బరోబరే, అవ్వ కళ్ళు పోయాయి. అందరి ముందూ అవ్వను పిలిచి, రేపటి నుంచి కండెల దగ్గర కూర్చోమన్నాడు.

"ఎంచుండ్రి," అంది అవ్వ. "చిట్టీల ఎంతున్నదో గంత పోసిన. తక్కువొస్తె అప్పుడను."

తెర కొసన వేలాడుతున్న పోగుల్ని ఎంచడం మొదలైంది. మొదట మామ ఎంచాడు, రెండువేల ఐదువందల ఇరవై మూడన్నాడు. సావుకారి తానే ఎంచుతానని కూర్చుని, పద్దెనిమిది వందల దాకా వెళ్ళాక ఎవరో వచ్చి నమస్కారం పెడితే తిరిగి పెట్టి, ఎక్కడున్నాడో మర్చిపోయాడు. తర్వాత చదువుకున్నవాణ్ణి నేను. మరాఠీలో మొదలుపెట్టి, వెయ్యి దాటాక తెలుగులోకి జారి, రెండువేల ఐదువందల పదిహేడు తేల్చాను. చివరికి అవ్వ కొంగులోంచి చింతగింజలు తీసి కూర్చుంది. ఎవరితోనూ మాట్లాడలేదు, ఒక్క పోగునూ రెండోసారి ముట్టలేదు. గిన్నెలో ఇరవైయొక్క గింజలు పడ్డాయి, పోగులు అయిపోయాయి. ఇంకెవరూ ఎంచుతామని అనలేదు.

అయితే తప్పు చిట్టీలో ఉండాలని అందరూ నా వైపు తిరిగారు. నేను ఒప్పుకోలేదు. నూట ఎనభై శంకర్‌పాళీలు, ఒక్కోదానికి పద్నాలుగు పోగులు, గుణించి చూసుకోండి, లెక్క ఎక్కడా తప్పలేదు, తప్పుంటే బట్టలో ఉండాలన్నాను. ఇంత మాట ఎలా అన్నానా అని ఇప్పటికీ సిగ్గేస్తుంది. అవ్వ ఆ తెగిన కొనల వైపు చూసి, ఒకే వరుసలో గదులుండే మా చాళ్ గురించి నన్ను అడిగింది.

"మీ చాళ్ళ అర్రలెన్ని కొడుకా?"

"పది."

"నడుమ గోడ ఇద్దరికొకటే గద. మరి పది అర్రలకు అడ్డం గోడలెన్ని?"

"పది," అన్నాను, లెక్కలవాణ్ణి కదా.

"పదకొండు. లేకుంటె ఆఖరి అర్రకు గోడ మీ నాయినొచ్చి కడ్తడా?"

వాకిలంతా నవ్వింది. మా చాళ్ళో ఆఖరి గది మాదే. నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే ఆ నవ్వుల మధ్యనే నాకు సంగతి కనబడింది. ఒక్కో శంకర్‌పాళీ ముగిసే కొన పోగే పక్కదానికి మొదటి పోగు. అందుకే పద్నాలుగుతో సరిపోతుంది. ఆఖరిదానికి పక్కన ఎవరూ లేరు, దాని కొన అది తెచ్చుకోవాలి. నూట ఎనభై పద్నాలుగులు, పైన ఒకటి. ఏ అంకెతో భాగించినా మొండిగా మిగులుతోందని నేను తిట్టిన ఆ ఒక్కటే ఇన్నేళ్ళూ మా శంకర్‌పాళీలను మూస్తూ వచ్చింది. తర్వాత అవ్వను అడిగాను, అది తెలిసే పోసేదానివా అని. నాకేం తెలుసు, దేవుడికని పోశానంది. చారల చీరల్లో ఆ పోగు ఎందుకూ పనికొచ్చేది కాదని కూడా చెప్పి పెడుతున్నాను, న్యాయం న్యాయమే.

అంతటితో అయిపోతే బాగుండేది. కానీ సావుకారికి పాత మాట గుర్తొచ్చింది. ఈ పడుగు సరే, మరి అంతకుముందు తాను ఎంచిన రెండింట్లోనూ ఒకటి ఎక్కువ వచ్చింది కదా, అది లెక్క తప్పి కాదా అని అవ్వను అడిగాడు. అది కొసరు పోగని, ఆ సంగతి ఈ పిల్లగాడికి తెలుసని ఆమె ఒక్క మాట అంటే నా చిట్టీల పని ఆ పూటతో సరి. అవ్వ నా వైపు చూడలేదు.

"ఏమో సావుకారి, పెద్దదాన్నైతి. ఎప్పుడన్న తప్పుతుంటి కావచ్చు."

అయితే కండెలకే పో అవ్వా, తప్పుతున్నానని నువ్వే అంటున్నావు కదా, అన్నాడు ఆయన, ఈసారి మెత్తగానే. ఆమె గింజలు కొంగున కట్టుకుని లేచింది. నేను నోరు తెరవడానికి ఎంతసేపు పట్టిందో చెప్పను. ఆమె వాకిలి సగం దాటేదాకా పట్టింది.

"అవ్వ ఎన్నడు తప్పలేదు," అన్నాను. "దేవునికని తెలిసే పోస్తుండె. నాకెరుకే. నేనే అబద్ధం చెప్పిన."

సావుకారి అరవలేదు. అరిస్తే బాగుండునని నాకే అనిపించింది. మొదట తెర సంగతి చూడాలన్నాడు. కుడి అంచున తెగిన వరుసను వెనక్కి మడిచి, లోపలి కొనల దగ్గర కుట్టెయ్యమంది అవ్వ. అట్లాగే చేశారు. నూట ఎనభైకి బదులు నూట డెబ్బై తొమ్మిది శంకర్‌పాళీలతో, రెండు వైపులా కొన దేలి, తెర రథమెక్కింది. పక్క షెడ్డుల వాళ్ళు కళ్ళద్దాలు సర్దుకుని చూసి, ఏమీ దొరక్క దిగులుగా వెళ్ళిపోయారు.

తర్వాత నా సంగతి. కండెల దగ్గర అవ్వ కోసం ఖాళీ చేయించిన చోటు ఉండనే ఉంది, నెల రోజులు అక్కడ కూర్చోమన్నాడు సావుకారి. ఎనిమిది మంది ఆడపిల్లల మధ్య రాట్నం ముందు నేను. వాళ్ళు గంటలో చుట్టేది నాకు పూటంతా పట్టేది. పోగు మూడు చుట్లు తిరగక ముందే తెగేది. ఎన్నిసార్లు తెగిందో వాళ్ళు లెక్కపెట్టి, మధ్యాహ్నం అన్నాల దగ్గర మామకు చెప్పేవారు. ఆయన ఆ అంకె దేనితో పోతుందని నన్ను అడిగేవాడు. మా అమ్మ చూస్తున్న సంబంధాల్లో ఒకటి ఆ నెలలోనే వెనక్కి పోయింది.

మూడో వారమో నాలుగో వారమో, ఒక పొద్దున అవ్వ నూలు కోసం అటు వచ్చింది. అడగకుండా ఉండలేకపోయాను. నేను అబద్ధం చెప్పానని మొదటి రోజు నుంచీ నీకు తెలుసు కదా, సావుకారితో ఎందుకు చెప్పలేదు, ఆఖరికి వాకిట్లో కూడా తప్పు నీ మీద ఎందుకు వేసుకున్నావని అడిగాను. ఆమెకు అది అడగవలసిన ప్రశ్నలాగే అనిపించలేదు.

"నాకు కండెలు చుట్టుడొస్తది కొడుకా. నీకు లెక్క దప్ప ఇంకేమొస్తది? ఆ పని పోతె ఏం జేసుకొని బతుకుతవ్?"

అప్పటికి నా చేతిలో పోగు మళ్ళీ తెగి ఉంది. ఆమె వంగి, ఆ రెండు కొసలూ ముడి వేసి, నా చేతికిచ్చి పడుగు పోయడానికి వెళ్ళిపోయింది.